బోరులో 7 మీటర్లు, భూమిలో 100 మిల్లీమీటర్లు

హైదరాబాద్‌కు దక్షిణాన మహేశ్వరం పరీవాహక ప్రాంతం దాదాపు 53 చదరపు కిలోమీటర్లు, అంతా గ్రానైటే. ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ, ఫ్రాన్స్ భూగర్భ సర్వే సంస్థ బీఆర్‌జీఎం కలిసి అక్కడ ఏళ్ల తరబడి బోర్లు కొలిచి తేల్చిన అంకె 1.4 శాతం. నీటిమట్టం మీటరు దిగితే ఆ రాయి వదిలేది 14 మిల్లీమీటర్ల నీరే.

అంటే వానాకాలంలో 100 మి.మీ. ఇంకితే బోరులో మట్టం 7 మీటర్లు లేస్తుంది. ఊళ్లో సంబరం. దాచుకున్నది మాత్రం ఆ 100 మిల్లీమీటర్లే. యాసంగి వరి మడికి 1,000 మి.మీ. తోడితే, సగం తిరిగి ఇంకినా 500 పోయినట్టే. ఊరి భూమిలో ఐదో వంతు వరి వేస్తే వానాకాలపు నీళ్లకు సరి.

విధానాలు తప్పేది కూడా ఈ అంకె దగ్గరే. అదే 7 మీటర్లకు 1.4 బదులు 3 శాతం వేసుకుంటే కాగితం మీద 210 మి.మీ. తేలుతుంది. వాడకం 110 మి.మీ. అనుకోండి: ఇంకిన నీటిలో వాడిన వంతు చూస్తే, 3 శాతం లెక్కలో ఆ ఊరు 52 శాతంతో ‘సేఫ్’, 1.4 లెక్కలో 110 శాతంతో ‘ఓవర్ ఎక్స్‌ప్లాయిటెడ్’, అంటే మితిమీరి తోడేసిన ఊరు. ఊరు అదే, బోర్లూ అవే.

ఇంకా లోతుకు వేద్దామంటారు. పైన మొరం, దాని కింద పగుళ్ల రాయి; మహేశ్వరంలో చాలాచోట్ల ఈ రెండూ 35–40 మీటర్లలోపే అయిపోతాయి. ఆ తర్వాత గట్టి బండ. అక్కడ ‘గ్యాప్’ (బండలో పగులు) తగిలి నీళ్లు ఎగజిమ్మినా, అవి ఎక్కువగా పై పొరలోంచి దిగినవే. పక్కవాడి బోరు నీళ్లే మన మోటారు లాగుతోందన్నమాట.

కేంద్రం 2016 కరువు మాన్యువల్ మొదట చూసేది వాన లోటు, వానల మధ్య విరామం. ఖరీఫ్ కరువు ప్రకటనకు గడువు అక్టోబర్ 30. బోర్ల కరువు ఫిబ్రవరిలో గానీ బయటపడదు. అందుకే నా దృష్టిలో నవంబర్ కొలతే అసలైనది: మట్టం 12 మీటర్ల దగ్గర, పగుళ్ల పొర అడుగు 35 దగ్గర ఉంటే మిగిలింది 23 మీటర్లు, అంటే 322 మి.మీ. అందులో సగానికి మించి నమ్ముకోవద్దు, మట్టం దిగేకొద్దీ బోరు పోత తగ్గిపోతుంది.

మట్టం కొలవడానికి బోరులోకి టేపు వదిలే ముందు రాత్రంతా మోటారు ఆపాలి, పక్క పొలంలోది కూడా. 24 గంటల ఉచిత కరెంటు, ఆటో స్టార్టర్ల కాలంలో అన్నిటికన్నా కష్టమైన పని ఇదే. ఆపకుండా కొలిస్తే మట్టం చాలా లోతుగా కనిపించి లెక్క మొత్తం తప్పుతుంది. వికారాబాద్ పడమటి వైపు బసాల్టుకు (లావా గట్టిపడిన నల్లరాయి) ఈ 1.4 పనికిరాదు, అక్కడ విడిగా కొలుచుకోవాల్సిందే.