విద్యార్థి నాయకుల ఎంపిక మార్చడానికి మేం పడ్డ పాట్లు

మా యూనివర్సిటీలో విద్యార్థి నాయకులకు శిక్షణ ఇచ్చే కార్యక్రమం ఒకటి ఏళ్ల తరబడి నడుస్తోంది. ఏటా కొంతమందిని ఎంపిక చేసి, ఏడాది పొడవునా వర్క్‌షాపులు పెడతారు. క్లబ్బులు, వార్షికోత్సవం, కొత్తగా చేరినవాళ్ల ఓరియెంటేషన్ అన్నీ వాళ్ల చేతుల మీదుగానే సాగుతాయి. పీజీ చదువుతూ స్టూడెంట్ వెల్ఫేర్ ఆఫీసులో పార్ట్‌టైం అసిస్టెంటుగా చేరిన నాకు డీన్ మేడమ్ ఈ ఫైలు అప్పగించి, "ఎప్పుడూ ఒకే రకం పిల్లలు వస్తున్నారు. వైవిధ్యం ఉండాలని పైనుంచి అడుగుతున్నారు. ఏం చేయొచ్చో ఒక నోట్ రాసుకురా" అన్నారు.

అలాంటి నోట్‌లో ఏముంటుందో అందరికీ తెలిసిందే. పోస్టర్లు, ఒక వారోత్సవం, బయటినుంచి వచ్చిన వక్త, చివర్లో గ్రూప్ ఫోటో. ఇవి చెడ్డవని కాదు. కానీ పాత ఫైళ్లు తిరగేశాక వాటికీ మా సమస్యకూ పొత్తు కుదరదనిపించింది. ఎంపికైనవాళ్లు చాలావరకు రెండు మూడు డిపార్ట్‌మెంట్లవాళ్లే. డిబేట్ టీమ్‌లో ఉన్నవాళ్లు, లేదా ముందు బ్యాచ్‌లో తెలిసిన సీనియర్ ఉన్నవాళ్లు. మిగతావాళ్లను ఎవరూ కాదనలేదు. వాళ్లు అప్లై చేస్తేగా!

అప్లికేషన్ తీసుకెళ్లి తిరిగి ఇవ్వనివాళ్లు ఎవరని ఆరా తీశాను. ఫారాలిచ్చే కౌంటర్లో పేర్లు రాసుకునే రిజిస్టర్ ఉంటుంది, అది పనికొచ్చింది. వాళ్లలో దొరికినవాళ్లతో క్యాంటీన్లో, లైబ్రరీ మెట్ల మీద కూర్చుని మాట్లాడాను. ఒకమ్మాయి మాట ఇప్పటికీ గుర్తుంది. "ఆ బాక్సుల్లో రాయడానికి నా దగ్గర ఏముందక్కా?" అంది. ఫారంలో సగం పేజీ 'ఇంతవరకు నిర్వహించిన నాయకత్వ పదవులు' అనే పట్టికే: పదవి పేరు, సంస్థ, ఎప్పటినుంచి ఎప్పటివరకు. ఆ అమ్మాయి సాయంత్రాలు పనికి వెళ్తుంది కాబట్టి ఏ క్లబ్బులోనూ లేదు. అయితే మాటల్లో ఇంకో సంగతి బయటపడింది. వాళ్ల ల్యాబులో మైక్రోస్కోపులు తక్కువ, బ్యాచ్‌లు ఎక్కువ, రోజూ గొడవే. తను ఒక చార్టు గీసి, ఎవరికి ఏ గంట అనుకూలమో అందరినీ అడిగి, ఆలస్యంగా వచ్చినవాళ్ల వంతు ఏం కావాలో కూడా వాళ్లచేతే ఒప్పించి గోడకు అంటించింది. గొడవలు ఆగిపోయాయి. ఇది పదవి కాదు కాబట్టి ఫారంలో దీనికి చోటు లేదు.

నోట్‌లో ఏం రాయాలో నాకు అక్కడే తెలిసింది. మనం నాయకత్వం నేర్పుతామని చెప్పుకుంటూ, అప్పటికే నేర్చుకుని వచ్చినవాళ్లనే తీసుకుంటున్నాం. మారాల్సింది ఎంపిక.

ఇది చెప్పినంత తేలికేం కాదని కమిటీ ముందుకెళ్లాక అర్థమైంది. అందులో ఒక సీనియర్ ప్రొఫెసర్ గారు నోట్ చదివి కళ్లజోడు తీసి, "అంటే మెరిట్ తగ్గించమంటావా అమ్మా?" అని అడిగారు. ఆయన్ను తప్పుపట్టను. ఈ ప్రశ్న అక్కడ ఎవరో ఒకరు అడగకపోతే క్యాంపస్ అంతా వెనకాల అడుగుతుంది. "తగ్గించమనడం లేదు సార్, మెరిట్ అంటే మనం దేన్ని అంటున్నామో ముందుగా కాగితం మీద పెడదామంటున్నాను" అన్నాను. ఆయన ఓ పట్టాన ఒప్పుకోలేదు. అప్పుడు ఆర్కెస్ట్రాల సంగతి చెప్పాల్సి వచ్చింది.

1970, 80 దశకాల్లో అమెరికాలోని పెద్ద సింఫనీ ఆర్కెస్ట్రాలు ఒక్కొక్కటిగా ఆడిషన్లలో తెర కట్టడం మొదలుపెట్టాయి. వాయించేది ఎవరో జడ్జీలకు కనబడకూడదు. అడుగుల చప్పుడును బట్టి ఆడో మగో పోల్చకుండా కొన్నిచోట్ల నేల మీద తివాచీ కూడా పరిచారు. క్లాడియా గోల్డిన్, సిసీలియా రౌస్ అనే ఆర్థికవేత్తలు ఆ ఆడిషన్ల రికార్డులు పరిశీలించి 2000లో ఒక పరిశోధనాపత్రం వెలువరించారు. తెర వచ్చాక ఆడవాళ్లు ముందుకు వెళ్లే అవకాశాలు పెరిగాయన్నది వాళ్ల నిర్ధారణ. గోల్డిన్‌కు 2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ పత్రంలోని లెక్కలు అంత గట్టివి కావని తర్వాత గణాంకశాస్త్రం తెలిసినవాళ్లు విమర్శించారు, అదీ కమిటీకి చెప్పాను. దాచిపెడితే రేపు ఎవరో ఒకరు తవ్వి తీస్తారు. నాకు కావాల్సింది అందులోని శాతాలు కాదు. సంగీతం వినడానికి కూర్చున్నవాళ్లు సంగీతమే వినాలంటే దానికో ఏర్పాటు కావాలి, అంతే.

ఇంటర్వ్యూకి తెర కట్టలేం కదా. దానికి వేరే దారి ఉంది. అభ్యర్థులందరికీ అవే ప్రశ్నలు, అదే వరుసలో వేసి, ప్రతి జవాబుకూ ముందే రాసిపెట్టుకున్న కొలమానం ప్రకారం మార్కులు వేయడం. ఉద్యోగాల ఎంపిక మీద 85 ఏళ్ల పరిశోధనలను ఒకచోట చేర్చి 1998లో ష్మిట్, హంటర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు రాసిన సమీక్షలో, తోచిన ప్రశ్న వేసే ఇంటర్వ్యూకన్నా ఇలా పద్ధతిగా చేసేదే మనిషి పనితనాన్ని బాగా అంచనా కడుతుందని తేల్చారు. ఈ మాటతో ప్రొఫెసర్ గారు కాస్త మెత్తబడ్డారు. ఆయన సైన్సు మనిషి. కొలత అంటే గౌరవం.

ఆ కొలమానం తయారుచేయడం మాత్రం తలప్రాణం తోకకొచ్చే పని. పాత మార్కుల షీటులో 'కాన్ఫిడెన్స్' అని ఒక కాలమ్ ఉండేది, దానికే అన్నిటికన్నా ఎక్కువ మార్కులు. ఆ కాలమ్‌కు ఐదు మార్కులు వచ్చినవాడు ఏం చేసి ఉంటాడు, రెండు వచ్చినవాడు ఏం చేయక ఉంటాడు అని అడిగితే ప్యానెల్లో ఒక్కొక్కరూ ఒక్కో జవాబు చెప్పారు. ఒకరికి గట్టి గొంతు, ఒకరికి కళ్లలోకి చూసి మాట్లాడటం, ఒకరికి తడబడకుండా ఇంగ్లీషు. అంత తేడా ఉన్నాక దాన్ని ఉంచడం కష్టమని వాళ్లకే అనిపించింది. అయినా ఒక మేడమ్ వదల్లేదు: "నలుగురిలో మాట్లాడలేనివాడు నాయకుడెలా అవుతాడు?" ఏడాది పొడవునా మన వర్క్‌షాపుల్లో నేర్పేది అదే కదా, లోపలికి రాకముందే ఎందుకు అడగడం అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే నేర్పే బాధ్యత గట్టిగా తీసుకోవాలి మరి" అన్నారు. న్యాయమైన మాట. ఆ వర్క్‌షాపు ఇప్పుడు ఆవిడే నడుపుతున్నారు.

కొత్త షీటులో ప్రశ్నలు ఇలా ఉన్నాయి. 'మీరున్న ఏదైనా బృందంలో పని ఆగిపోయినప్పుడు మీరేం చేశారు?' 'మీకు నచ్చని నిర్ణయం జరిగితే దాన్ని ఎలా ఎదుర్కొన్నారు?' 'మీ బృందంలో ఎవరి మాట వినబడడం లేదని ఎలా గుర్తుపట్టారు?' బృందం అంటే క్లబ్బే కానక్కర్లేదు. ఇల్లు, హాస్టల్ గది, పనిచేసే చోటు, ల్యాబ్ ఏదైనా సరేనని ఫారంలోనే రాశాం. ఇంటర్వ్యూ గదిలోకి వెళ్లే అరగంట ముందు ప్రశ్నల కాగితం చేతికిచ్చాం. నత్తి ఉన్నవాళ్లకు, మాటను ఒక భాషలో ఆలోచించి ఇంకో భాషలో చెప్పాల్సినవాళ్లకు ఆ అరగంట చాలా పెద్ద తేడా. ప్యానెల్ సభ్యులు ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే ఎవరి మార్కులు వాళ్లు వేసి సంతకం పెట్టాలి. ఈ ఒక్క నియమం చాలామందికి మింగుడుపడలేదు. పెద్దవాళ్లు ముందుగా అభిప్రాయం చెప్పేస్తే చిన్నవాళ్లు దాని చుట్టూ తిరిగే అలవాటు ప్యానెల్లో పాతుకుపోయింది.

సిఫారసు లేఖల దగ్గర ఇంకో పేచీ. ఇద్దరు అధ్యాపకుల లేఖలు కావాలన్న నిబంధన తీసేసి, మీతో కలిసి పనిచేసిన ఎవరైనా ఒకరు రాస్తే చాలన్నాం. హాస్టల్ వార్డెన్ కావచ్చు, పనిచేసే చోట సూపర్‌వైజర్ కావచ్చు, తోటి విద్యార్థి కావచ్చు. "లెటర్‌హెడ్ లేని ఉత్తరం ఫైల్లో ఎలా పెడతామమ్మా? ఆడిట్‌లో నన్నడుగుతారు" అని సెక్షన్ ఆఫీసర్ గారు చేతులెత్తేశారు. చివరికి మేమే ఒక పేజీ ఫారం అచ్చువేయించి, పేరు, సంతకం, ఫోన్ నంబరు, ఎన్నాళ్లుగా తెలుసు అన్న గడులు పెడితే ఆయన ప్రాణం కుదుటపడింది. కాగితానికి గడులుంటే చాలు, ఆఫీసు దాన్ని నమ్ముతుంది.

ఆ ఏడు వచ్చిన జాబితా నిజంగానే వేరుగా ఉంది. ల్యాబ్ చార్టు గీసిన అమ్మాయి అందులో ఉంది. అందరూ సంతోషించలేదు. డిబేట్ టీమ్ నుంచి ఒకబ్బాయి ఆఫీసుకొచ్చి "ఇది దొడ్డిదారి కోటా" అని నా మొహం మీదే అన్నాడు. తన మార్కుల షీటు తనకు చూపించే నియమం పెట్టుకున్నాం కాబట్టి చూపించాను. మొదటి రెండు ప్రశ్నలకు బాగానే వచ్చాయి. ఎవరి మాట వినబడడం లేదో గుర్తుపట్టే ప్రశ్నకు ప్యానెల్లోని ముగ్గురూ తక్కువే వేశారు. చదివాడు, "ఆ ప్రశ్నే తప్పు" అని వెళ్లిపోయాడు. తర్వాతి ఏడు మళ్లీ అప్లై చేయలేదు. అతనిలాంటి చురుకైనవాడు దూరం కావడం కార్యక్రమానికి నష్టమే, కాదనను.

ఎంపికతో పని అయిపోతుందని డీన్ మేడమ్ అనుకున్నారు. సగం కూడా కాలేదు. మీటింగులు రాత్రి ఏడింటికి ఉండేవి. పనికి వెళ్లేవాళ్లు, దూరం నుంచి వచ్చేవాళ్లు, ఇంట్లో చిన్నపిల్లలున్న పరిశోధక విద్యార్థులు మూడోవారానికే కనబడటం మానేశారు. మధ్యాహ్నం విరామానికి మార్చితే హాస్టల్‌వాళ్లు గొణిగారు కానీ వచ్చారు. మీటింగ్ హాలు పై అంతస్తులో, లిఫ్టు ఎప్పుడూ రిపేరులో. వీల్‌ఛెయిర్‌లో వచ్చే విద్యార్థి ఒకరున్నారు కాబట్టి కింద ఉన్న సెమినార్ గదికి మారాం. ఆ గదిలో ఫ్యాను చప్పుడు, అది వేరే కథ.

రోసాబెత్ మాస్ కాంటర్ అనే సమాజశాస్త్రవేత్త ఒక పెద్ద అమెరికన్ కంపెనీని అధ్యయనం చేసి 1977లో చెప్పిన సంగతి ఈ దశలో మా కళ్లముందే జరిగింది. ఒక బృందంలో ఒక వర్గంవాళ్లు 15 శాతం లోపే ఉంటే, మిగతావాళ్లకు వాళ్లు మనుషులుగా కాక ఆ వర్గానికి నమూనాలుగా కనబడతారని ఆవిడ అంటుంది. మా బృందంలో చూపు లేని విద్యార్థి ఒకడే. వైకల్యం ఊసొస్తే చాలు, అందరి తలలూ అతని వైపు తిరిగేవి. కొన్ని వారాలు ఓపిక పట్టి ఒకరోజు అనేశాడు: "ర్యాంపుల గురించి నన్నెందుకన్నా అడుగుతారు? నేను నడవగలను. నాకు లెక్కలొచ్చు, బడ్జెట్ ఇవ్వండి." గది ఘొల్లుమంది. కోశాధికారి అయ్యాడు. అయితే బడ్జెట్ ఫైలు మా ఆఫీసు పంపేది స్కాన్ చేసిన బొమ్మలాగా ఉండేది, కంప్యూటర్‌లో ఉన్నది చదివి వినిపించే అతని స్క్రీన్ రీడర్‌కు అందులో ఒక్క అంకె కూడా అందదు. స్ప్రెడ్‌షీట్‌గా పంపమని అడిగితే అకౌంట్స్ సెక్షన్ వాళ్లు వెంటనే పంపారు. వాళ్ల దగ్గర అసలు ఫైలు అలానే ఉంది. ప్రింట్ తీసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి పంపడం అలవాటు, అంతే. ఆ తర్వాత పాత ఖర్చుల్లో రెండుసార్లు ఎక్కిన ఒక బిల్లును పట్టుకున్నది అతనే.

మీటింగులో ఏం జరిగిందో నమోదు చేసే మినిట్స్ రాసే పని మరో తంటా. ఎవరూ చెప్పకుండానే అది ప్రతిసారీ ఒక అమ్మాయి చేతికే వెళ్లేది, అధ్యక్షత ఒక అబ్బాయికి. రెండూ వంతులవారీగా తిప్పాలని పెట్టుకున్నాం. అధ్యక్ష స్థానంలో ఎప్పుడూ కూర్చోనివాళ్లు భయపడితే, హెన్రీ మార్టిన్ రాబర్ట్ కథ చెప్పేదాన్ని. ఆయన అమెరికా సైన్యంలో ఇంజినీరు. 1863లో ఒక సభకు ఉన్నట్టుండి అధ్యక్షత వహించమంటే ఎలా నడపాలో తెలియక నానా అగచాట్లు పడ్డాడు. ఆ అవమానంతోనే సభా నియమాలు అధ్యయనం చేసి 1876లో పుస్తకం వేశాడు. ఇవాళ్టికీ లెక్కలేనన్ని సంఘాలు ఆ నియమాలతోనే నడుస్తున్నాయి. మేం అందులోంచి నాలుగు ముక్కలే తీసుకున్నాం, వాటిలో ఒకటి మాత్రం మీటింగుల స్వరూపాన్నే మార్చింది: ఒక అంశం మీద ఇంకా ఒక్కసారీ మాట్లాడనివాళ్లకు అవకాశం ఇచ్చాకే, మాట్లాడినవాళ్లు రెండోసారి మాట్లాడాలి.

డబ్బు విషయం క్లుప్తంగా. కార్యక్రమాలకు జేబులోంచి ఖర్చుపెట్టి తర్వాత బిల్లులు పెట్టుకోవడం ఆనవాయితీ. జేబులో ఉన్నవాళ్లే బాధ్యతలు తీసుకునేవాళ్లు. ముందుగా అడ్వాన్స్ ఇచ్చే రూలు ఎప్పటినుంచో ఉందట, ఎవరూ అడగలేదు. అడిగాం, ఇచ్చారు.

ప్రస్తుతానికి మార్కుల షీటు, అరగంట ముందు ప్రశ్నలు, ఒక పేజీ సిఫారసు ఫారం ఆఫీసు ఆర్డరులోకి ఎక్కాయి, కాబట్టి నేను వెళ్లిపోయినా ఉంటాయి. మీటింగ్ వేళ మాత్రం ప్రతి బ్యాచ్ మళ్లీ తేల్చుకోవాల్సిందే. ఇంటర్వ్యూ ప్యానెల్లో ఇద్దరు విద్యార్థులుండాలని మేం పెట్టిన ప్రతిపాదనలో ఒకరికి కమిటీ ఒప్పుకుంది. రెండోవారి కోసం నోట్ మళ్లీ పెట్టాం. దాన్ని ఈసారి రాసింది ల్యాబ్ చార్టు అమ్మాయి. కమిటీ ముందు చదవబోయేదీ తనే.