చెయ్యేటి ఇసుక షిజువోకలో రాలింది

జపాన్‌లో నోజోమి అనే బుల్లెట్ రైలు షిజువోకలో ఆగదు. దాదాపు ఏడు లక్షల జనాభా ఉన్న ఊరు, ఐనా బుల్లెట్ రైళ్ళలో వేగమైనవన్నీ దాన్ని దాటుకుని పోతాయి. హికారీల్లో కొన్ని ఆగుతాయి, లేదంటే ప్రతి స్టేషన్లో ఆగే కొదామా ఎక్కాలి. టోక్యో నుంచి టికెట్టు ఒకవైపుకే 6,000 యెన్‌ల దాకా పడుతుంది. ఏడు రోజుల రైలు పాసు ఒకప్పుడు 29,650 యెన్‌లు ఉండేది, 2023 అక్టోబరులో ఒక్కసారిగా 50,000 చేశారు. ఒక ఊరికి పోయి వచ్చేవాడికి అది దండగ. ఒక పాత రిమోట్ కారు పట్టుకుని, టికెట్లు కొనుక్కునే బయల్దేరాం.

టోక్యోలోని నిషికసాయిలో ఉండే మా పిన్ని కొడుకు నాకు తోడొచ్చాడు. జపనీసు వాడికి బాగా వచ్చు. దారిలో కుడివైపు కిటికీలోంచి ఫూజీ కొండ కనిపిస్తుందని ఆశపెట్టాడు. జూన్ నెల, వానల కాలం. షిన్-ఫూజీ స్టేషన్ దాటేదాకా మబ్బు తప్ప ఏమీ కనిపించలేదు. వాడి మొహం మాడిపోయింది. నాకు మాత్రం ఒళ్ళో ఉన్న అట్టపెట్టె మీదే ధ్యాస.

పెట్టెలో ఉన్నది టమియా కంపెనీ వాళ్ళ హార్నెట్, పదో వంతు సైజు రిమోట్ కారు. 1984లో మొదటిసారి వచ్చిన మోడల్. మా మేనమామ కువైట్‌లో డ్రైవరు పని చేసేవాడు. ఆ దశకం చివర్లో సెలవుకు వచ్చినప్పుడు దీన్ని తెచ్చాడు. రాజంపేటలో అలాంటిది ఎవరూ చూసి ఎరగరు. ఆదివారం పొద్దున చెయ్యేట్లో, నీళ్ళు లేని చోట ఇసుకలో వదిలితే ఊళ్ళో పిల్లలంతా వెంటపడేవాళ్ళు. వెనక స్ప్రింగులు దిగిపోతే మోపెడ్లు బాగుచేసే ఆయన ఏవో గట్టివి పట్టుకొచ్చి బిగించాడు. షాకబ్జార్బర్లలో నూనె కారిపోతే మామ కుట్టుమిషను నూనె పోశాడు. ఆ రోజుల్లో అంతకన్నా దారి లేదు. కారు నడిచింది, అది చాలు.

టమియా పుట్టింది షిజువోకలోనే. 1946లో కలప వ్యాపారంగా మొదలై, చెక్క బొమ్మల మీదుగా 1960లో ప్లాస్టిక్ మోడళ్ళకు వచ్చింది. మొదటి రిమోట్ కారు 1976 నాటి పోర్షె 934. ఈ ఊళ్ళో గుళ్ళూ గోపురాలూ కట్టడానికి వచ్చి స్థిరపడిన వడ్రంగుల చేతిపని క్రమంగా బొమ్మల దాకా వచ్చిందని అంటారు. నగరం నడిబొడ్డున టెలిఫోన్ బూతును కూడా మోడల్ కిట్‌లో విడిభాగాలు పేర్చినట్టు నిలబెట్టారు. స్టేషన్‌కు దక్షిణాన ఉన్న హాబీ స్క్వేర్‌లో ఓ గంట తిరిగాం. బాగుంది. మేలో జరిగే పెద్ద హాబీ షో అప్పటికే ఐపోయింది.

నేను వచ్చింది అద్దాల వెనక బొమ్మలు చూడ్డానికి కాదు. బస్సెక్కి ఊరి చివర ఒక చిన్న దుకాణానికి పోయాం. వెనకాల మట్టి ట్రాక్ ఉంది. పొద్దుటి వానకు నేల తడిగా ఉంది. రేకుల కింద బల్ల దగ్గర ఒక పెద్దాయన కూర్చుని, తన కారు స్క్రూలు ఒక్కొక్కటే గుడ్డతో తుడుచుకుంటున్నాడు. ఫర్నిచరు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషట. మా పెట్టె తెరవగానే లేచి నిలబడ్డాడు. రెండు చేతులా పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. తర్వాత బల్ల మీద జానెడు ఎత్తునుంచి వదిలాడు. వెనక భాగం రబ్బరు బంతిలా మూడుసార్లు ఎగిరింది. తల అడ్డంగా ఊపాడు.

దుకాణంలో గోడ నిండా పార్టులు. పొడవాటి కొత్త షాకులు, రంగురంగుల స్ప్రింగులు. నాకు చేతులు దురద పెట్టాయి. పెద్దాయన ఏదీ కొననివ్వలేదు. మొదట కారుకున్న స్ప్రింగులన్నీ ఊడదీశాడు. ముందు చక్రాన్ని చాసిస్‌కు కలిపే చేయిని (ఆర్మ్‌ను) వేలితో పైకెత్తి వదిలాడు. అది సగంలోనే ఆగిపోయింది. "దాని బరువుకు అదే పడాలి. అది పడనంతవరకు నువ్వు ఏ స్ప్రింగు పెట్టినా అబద్ధమే చెబుతుంది" అన్నాడని తమ్ముడు చెప్పాడు.

కీలు పిన్ను బయటికి లాగి, సన్నటి బ్రష్షుతో రంధ్రం లోపల తోమాడు. తెల్లగుడ్డ మీద ఇసుక రాలింది. బూడిదరంగులో, మధ్యమధ్య మెరిసే రేణువులు. అది చెయ్యేటి ఇసుకే, ఇంకెక్కడిది? కొన్నేళ్ళ కింద అన్నమయ్య డ్యామ్ తెగి ఆ ఏటి ఒడ్డునే ఎన్నో ఊళ్ళు కొట్టుకుపోయాయి. మేం కారు నడిపిన తావు ఇప్పుడు ఎట్లుందో నేను పోయి చూడలేదు. పెద్దాయనకు ఇది చెప్పమంటే తమ్ముడు చెప్పాడు. ఆయన ఆ గుడ్డను దులపకుండా మడిచి పక్కన పెట్టాడు.

పిన్నును సన్నటి గరుకు కాగితంతో రుద్ది, గ్రీజు వేలిముద్రంత రాసి మళ్ళీ దూర్చాడు. ఈసారి చేయి టక్కున కిందికి పడింది. మిగతా చేయికీ అంతే. ఇంతకే గంటకు పైగా పట్టింది.

వెనక సంగతి వేరు. హార్నెట్‌లో గేర్‌బాక్సూ మోటారూ చాసిస్‌కు కదలకుండా బిగించి ఉండవు. వెనక ఇరుసుతో కలిసి మొత్తంగా పైకీ కిందికీ ఊగుతాయి. అంటే చక్రం రాయి ఎక్కితే దాంతోపాటు మోటారు బరువంతా లేస్తుంది. అంత బరువు కింద గట్టి స్ప్రింగు పెడితే అది తిరిగి తన్నుతుంది. ఆ ఊపును అణచాల్సింది నూనె. మోపెడ్ల ఆయన బిగించిన స్ప్రింగులను పెద్దాయన తీసేసి మెత్తనివి పెట్టాడు. షాకు విప్పితే కుట్టుమిషను నూనెకు రబ్బరు రింగు ఉబ్బిపోయి కడ్డీని పట్టేసి ఉంది. రింగు మార్చి, 400 నంబరు సిలికాన్ నూనె పోసి, పిస్టన్‌ను మెల్లగా పైకీ కిందికీ ఆడించాడు. బుడగలు ఒక్కొక్కటే పైకి వచ్చాయి. అవన్నీ పోయేదాకా మూత పెట్టకూడదన్నాడు. అందరం టీ తాగాం. ఈ ప్రాంతపు పచ్చటి టీ, పాలు లేవు, చక్కెర లేదు. నాకు నచ్చింది.

"ఫూజీ చూద్దువు రారా అని పిలిస్తే, ఈడికొచ్చి నూనెలో బుడగలు చూస్తాండావా అన్నా!" అన్నాడు తమ్ముడు.

ముందు వైపు కంపెనీ నుంచే నూనె ఉండదు, ఉత్త స్ప్రింగులే. అక్కడ చిన్న ఆయిల్ డాంపర్లు, అంటే నూనె పోసే షాకులు, పెడదామన్నాడు పెద్దాయన, కానీ చాసిస్‌కు ఒక్క కొత్త రంధ్రం కూడా వేయనన్నాడు. ఉన్న స్క్రూ తావుల్లోనే కూర్చేలా చిన్న పట్టీ కోశాడు. డాంపర్ లోపల ప్లాస్టిక్ వాషర్లు వేసి కడ్డీ బయటికి వచ్చే పొడవు తగ్గించాడు. హార్నెట్ ముందు చేతులు మరీ కిందికి వేలాడితే చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి, మలుపులో పట్టు పోతుంది. బ్యాటరీ పెట్టి నేల మీద ఉంచితే రెండు చేతులూ సమంగా అడ్డంగా నిలవాలి. నిలిచాయి.

ఈ విషయంలో నేను గట్టిగానే చెబుతాను. నలభై ఏళ్ళ కారు చాసిస్‌కు కొత్తకాలపు పొడుగు షాకుల కోసం తూట్లు పొడిచేవాళ్ళంటే నాకు కోపం. వాళ్ళకు 2004లో మళ్ళీ అచ్చేసి అమ్మిన కిట్ ఉంది, దానిమీద ఎన్ని తూట్లైనా పొడుచుకోవచ్చు. గాజు పెట్టెలో పెట్టి ముట్టనివ్వనివాళ్ళ పద్ధతీ నాకు పడదు. ఇది పరుగెత్తడానికి చేసిన వస్తువు.

సాయంత్రం ట్రాక్ మీద వదిలాం. గుంతలో దిగి లేచి, ఒకే ఒక్క ఊపుతో సర్దుకుని ముందుకు పోయింది. నేల మీద ఆ శబ్దమే మారిపోయింది. తమ్ముడు రిమోట్ లాక్కుని చీకటి పడేదాకా నాకు ఇవ్వలేదు.

పెద్దాయన పనికి డబ్బు తీసుకోలేదు. పార్టులకు దుకాణంలో కట్టింది మాత్రం తక్కువేం కాదు. నాలుగు డాంపర్ల నూనెకూ రింగులకూ ఇంత ధరా అనిపించింది. కానీ హైదరాబాదులో ఇవి తెప్పించుకుంటే కస్టమ్స్‌తో కలిపి ఇంకా ఎక్కువే. రాత్రి ఆఓబా వీధిలో ఒదెన్ తిన్నాం. నల్లటి రసంలో ఉడికిన ముక్కలు పుల్లకు గుచ్చి, పైన ఎండుచేపల పొడి చల్లి ఇస్తారు. శాకాహారులు దూరంగా ఉండండి, ఆ రసం పశువు మాంసం నరాలతో కాచేది.

పాత రిమోట్ కారు తీసుకుని ఎవరైనా పోదలుచుకుంటే, ఇంట్లోనే స్ప్రింగులు ఊడదీసి చేతులు కిందికి పడుతున్నాయో లేదో చూసుకుని పొండి. గంట పని మిగులుతుంది. వానల కాలం కాకుండా పోతే ఫూజీ కూడా కనిపించవచ్చు.