గోల్ఫ్ వ్యాయామం కిందికి వస్తుందా? స్టెంట్ పడ్డాక వేసుకున్న లెక్క

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన వారంలో పరామర్శకు వచ్చినవాళ్ళంతా యాపిల్ పళ్ళతో పాటు ఒకటే ప్రశ్న పట్టుకొచ్చారు: "ఆటలాడే మనిషివి, నీకెలా వచ్చిందయ్యా?" మా బావమరిదైతే ఇంకో అడుగు ముందుకేశాడు. "గోల్ఫ్ ఆట ఏమిటి బావా, కర్ర పట్టుకుని గడ్డిలో షికారు. ఇకనైనా బుద్ధిగా వాకింగ్ చెయ్యి" అన్నాడు. తనకి షుగరుంది, వాకింగ్ లేదు. ఆ మాట అప్పుడు అనలేదు, ఓపిక లేక.

మాది విశాఖపట్నం. షిప్పింగ్ ఆఫీసులో ఉద్యోగం. చాలా ఏళ్ళుగా వారానికి రెండు మూడు సార్లు ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ కోర్సులో ఆడుతున్నాను. సిగరెట్ అలవాటు లేదు, బరువు కూడా మరీ ఎక్కువేం కాదు. వేసవి మొదట్లో ఒకనాడు తెల్లవారుజామున ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టయి మెలకువ వచ్చింది. ఎడమ దవడ కింద లాగుతోంది. బనియన్ తడిసి ఒంటికి అంటుకుపోయింది. మన ఇళ్ళల్లో ఇలాంటప్పుడు మొదట వినిపించే మాట గ్యాస్. మా ఆవిడ ఆ మాట నా నోటి దాకా రానివ్వలేదు. "ఏవండీ, చొక్కా వేసుకోండి, బయల్దేరుతున్నాం" అంది, అంతే.

ఈసీజీ చూసిన కుర్ర డాక్టరు ఇంకేం అడగకుండా ఫోను తీశాడు. కాసేపట్లో నేను క్యాథ్ ల్యాబ్ బల్ల మీద ఉన్నాను. కుడి మణికట్టు దగ్గర మత్తు సూది, అక్కణ్ణుంచి సన్నటి గొట్టం. తల కాస్త తిప్పితే పక్కన తెర మీద నా గుండె కనిపిస్తోంది. రంగు మందు ఎక్కించినప్పుడల్లా నల్లటి కొమ్మలు విచ్చుకుని మాయమవుతున్నాయి. ఒక కొమ్మ మాత్రం సగం దాకా వచ్చి ఆగిపోతోంది. అదే ఎల్‌ఏడీ, గుండె ముందు గోడకి రక్తం తీసుకెళ్ళే పెద్ద నాళం. బెలూన్ ఉబ్బించి స్టెంట్ పెట్టాక మళ్ళీ రంగు ఎక్కిస్తే ఆ కొమ్మ చివరి దాకా నిండింది. ఛాతీ మీది బరువు దిగిపోయింది. ఆ తెరిపి ఎంత హాయిగా ఉందంటే, ఏమైందో పూర్తిగా తెలియకుండానే నిద్రపట్టేసింది.

మర్నాడు రౌండ్స్‌కి వచ్చిన కార్డియాలజిస్టుతో నేను మాట్లాడిన మొదటి సంగతి గోల్ఫే. "వారానికి మూడు సార్లు ఆడతానండి. అది వ్యాయామమే కదా?"

"కార్టులోనా, కాళ్ళతోనా?" అన్నారాయన. కార్టంటే కోర్సులో ఎక్కి తిరిగే చిన్న బండి.

కాళ్ళతోనే అన్నాను. కర్రల సంచీ ఎవరు మోస్తారని అడిగారు. క్యాడీ అన్నాను. మీ నాన్నగారు ఏ వయసులో పోయారన్నారు. యాభై రెండు, గుండెపోటే. ఆయన తలాడించి లైపోప్రొటీన్-ఏ అనే ఒక రకం చెడు కొవ్వుకి రక్తపరీక్ష రాశారు. మామూలు కొలెస్ట్రాల్ పరీక్షలో ఇది కనిపించదు, విడిగా అడిగి చేయించుకోవాలి. డెసిలీటరుకి 50 మిల్లీగ్రాములు దాటితే ఎక్కువ కిందే లెక్క. నాకు దానికి రెట్టింపు పైన ఉంది. "ఇది నడిస్తే తగ్గదు, ఆడితే తగ్గదు, తిండి మానేసినా తగ్గదు. మీ నాన్నగారిచ్చిన ఆస్తి" అన్నారు. ఇంట్లో గుండెజబ్బు చరిత్ర ఉన్నవాళ్ళు జీవితంలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకోవడం మంచిది. మా అబ్బాయికి వెంటనే చేయించాం. వాడిక్కూడా ఎక్కువే. వాడి వయసు ఇరవై ఆరు, ఇప్పట్నుంచే కొలెస్ట్రాల్ మీద కన్నేసి ఉంచారు.

కాబట్టి "నీ గోల్ఫ్ నిన్ను కాపాడలేదు" అనే బావమరిది వాదన అక్కడితో ఆగిపోయింది. రోజూ పరుగెత్తేవాడిక్కూడా ఇది రావచ్చు. అయితే గోల్ఫ్ వ్యాయామం కిందికి వస్తుందా రాదా అనే ప్రశ్న మిగిలే ఉంది. దాని సంగతి తేల్చిన మనిషి డాక్టరు కాదు, ఫిజియోథెరపిస్టు.

శ్రీకాకుళం అమ్మాయి, పాతికేళ్ళు దాటి ఉండవు. గుండెపోటు వచ్చినవాళ్ళని మళ్ళీ నడిపించడమే ఆ అమ్మాయి పని. మొదటిరోజు ఇంట్లో వరండా ఈ చివర నుంచి ఆ చివరకి. తర్వాత వీధి చివరి దాకా. ఆపైన ఆసుపత్రిలో ట్రెడ్‌మిల్, పక్కన మానిటర్. నా చేతి వాచీలో గుండె వేగం చూసి నడుద్దామనుకుంటే కుదరదంది. నేను వేసుకునే మెటోప్రొలాల్ గుండె వేగాన్ని పెరగనివ్వదు కాబట్టి వాచీ అంకెకి అర్థం మారిపోతుంది. దాని బదులు గోడ మీది బోర్గ్ స్కేలు చూపించింది. 6 నుంచి 20 దాకా అంకెలు. 6 అంటే ఊరికే కూర్చున్నట్టు, 20 అంటే ఇక నా వల్ల కాదన్నట్టు. "మీరు 11కీ 13కీ మధ్యలో ఉండాలంకుల్. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి." నేను మామూలుగానే పాడలేనమ్మా అన్నాను. నవ్వలేదు. అందరూ ఇదే జోకు వేస్తారనుకుంటాను.

గుండెపోటు తర్వాత రోజుల్లో ఒంట్లో నొప్పి కంటే భయమే ఎక్కువ. చంక దగ్గర కండరం కదిలినా ఇదేనా అనిపిస్తుంది. రాత్రి పడుకోబోతే ఉన్నట్టుండి ఊపిరి చాలనట్టు ఉండేది. స్టెంట్ మళ్ళీ మూసుకుపోతోందనే నిర్ధారణకు వచ్చేశాను. చివరికి తేలిందేమిటంటే, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన టికాగ్రెలార్ కొంతమందికి అలా ఊపిరందనట్టు చేస్తుందట. గుండె బాగానే ఉందట. అలాగని సొంతంగా మానేసే మందు కాదది, స్టెంట్ పడినవాళ్ళు మానితే ప్రాణం మీదికొస్తుంది. డాక్టరుకి చెప్పుకుంటే ఆయనే చూసుకుంటారు. ఇది ముందే ఒక మాట చెప్పి ఉంటే నాలుగు రాత్రులు నిద్ర దక్కేది.

మళ్ళీ కోర్సుకి వెళ్ళడానికి అనుమతి వచ్చినప్పుడు ఆ అమ్మాయి ఒక హోంవర్కు ఇచ్చింది. "ఆగకుండా ఎంతసేపు నడుస్తున్నారో స్టాప్‌వాచ్ పెట్టుకుని రాసుకురండంకుల్. నాలుగు గంటలు ఆడానంటే నాకు లెక్క కాదు." మొదట్లో చిప్పింగ్, పటింగ్ మాత్రమే, అంటే బంతిని దగ్గర్నుంచి మెల్లగా లేపడం, గుంటలోకి దొర్లించడం. మణికట్టు పూర్తిగా మానాక చిన్న ఐరన్ కర్రలతో సగం స్వింగులు. ఆ తర్వాతే ఆట, అదీ 9 హోల్సే, అంటే సగం ఆట. జేబులో, ఛాతీ నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్ర.

ఒక హోల్ సంగతి చెబుతాను. పార్-4, అంటే నాలుగు దెబ్బల్లో ముగించాల్సినది, కాస్త ఎగువకి. మొదటి దెబ్బ కొట్టే చోటు, అదే టీ, అక్కడ ముగ్గురం. ఒకాయన గాలి ఎటుందో గడ్డి పరక ఎగరేసి చూస్తారు, రెండు ఉత్తుత్తి స్వింగులు, అప్పుడు కొడతారు. రెండో ఆయనా అంతే. నా వంతు అయ్యేసరికి స్టాప్‌వాచీలో అంకె కదలనే లేదు. బయల్దేరాం. రెండు వందల గజాలు చకచకా నడిచేసరికి ఒళ్ళు వేడెక్కుతోంది, బోర్గ్ లెక్కలో 12 ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఆగాలి. ఒకాయన బంతి పొదల్లోకి పోయింది, అందరం వెతుకుతున్నాం. దొరికాక చూస్తే గుంట ఉండే నున్నటి గడ్డి, అదే గ్రీన్, దాని మీద ముందు బ్యాచ్ ఇంకా పటింగ్‌లోనే ఉంది. కర్ర మీద ఆనుకుని క్రికెట్ కబుర్లు. మళ్ళీ ఓ నూట యాభై గజాలు నడక. గ్రీన్ మీదికెక్కాక వంగడం, లేవడం, గీత చూసుకోవడం. ఆ హోల్‌కి పావుగంట పట్టింది. అందులో నడక ఐదారు నిమిషాలు, ఆ ఆరూ ఒక్క బిగిన కాదు.

ఆ కాగితం చూసి ఆ అమ్మాయి ఒక పట్టిక తీసింది. ఏ పనికి ఎంత శ్రమో మెట్‌లలో కొలిచి వేసిన పట్టిక, పరిశోధకులంతా వాడేదే. ఊరికే కూర్చుంటే 1 మెట్. 3 నుంచి 6 దాకా మధ్యస్థమైన శ్రమ. 2011 పట్టిక ప్రకారం కార్టులో తిరుగుతూ గోల్ఫ్ ఆడితే 3.5, సంచీ మోసుకుంటూ నడిస్తే 4.3, ట్రాలీ లాక్కుంటూ నడిస్తే 5.3. మోయడం కంటే లాగడానికి ఎక్కువ శ్రమట, నాకైతే ఇప్పటికీ నమ్మకం కుదరలేదు. డ్రైవింగ్ రేంజిలో నిలబడి బంతులు కొట్టడం 3. మొత్తానికి కార్టులో కూర్చున్నా మధ్యస్థం గీత దాటుతోంది. "మరింకేం?" అన్నాను. "దాటుతోంది అంకుల్, గడప దాటినట్టు" అంది.

ఈ గొడవ మన దగ్గరే కాదు, అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. కేసీ మార్టిన్ అనే ఆటగాడికి కుడికాలిలో రక్తప్రసరణ జబ్బు. కార్టు వాడుకోనివ్వమన్నాడు. నడక వల్ల వచ్చే అలసట కూడా ఆటలో భాగమే, కుదరదంది అక్కడి ప్రొఫెషనల్ గోల్ఫ్ పోటీలు నడిపే పీజీఏ టూర్. కింది కోర్టు విచారణలో ఒక ఫిజియాలజీ ప్రొఫెసర్ లెక్కగట్టి చెప్పిందేమిటంటే, ఐదు గంటల రౌండులో ఖర్చయ్యేది 500 క్యాలరీలు, ఒక బిగ్ మ్యాక్ బర్గర్‌లో ఉన్నంత కూడా కాదు. 2001లో సుప్రీంకోర్టు 7-2 తేడాతో మార్టిన్ వైపే తీర్పిచ్చింది. ఈ కథ మా బావమరిదికి మాత్రం చెప్పలేదు.

అటువైపు వాదనా ఉంది. గోల్ఫ్ ఆడేవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేది స్వీడన్ అధ్యయనం. కరోలిన్‌స్కా పరిశోధకులు 3 లక్షల మంది గోల్ఫ్ ఆటగాళ్ళ వివరాలు చూస్తే, అదే వయసు, అదే స్థాయి జనంతో పోల్చినప్పుడు మరణాల రేటు 40 శాతం తక్కువగా ఉంది. ఇందులో ఒక తిరకాసు: ఒళ్ళు బాగున్నవాడే గోల్ఫ్‌కి వెళ్తాడు, బాగాలేనివాడు ఇంట్లో ఉంటాడు. నాకు అంతకంటే నచ్చింది 2023లో వచ్చిన ఫిన్లాండ్ అధ్యయనం. చిన్నదే. 65 దాటిన ఆటగాళ్ళ చేత ఒకరోజు 18 హోల్స్ ఆడించారు, ఇంకోరోజు 6 కిలోమీటర్లు నడిపించారు, మరోరోజు అంతే దూరం చేతికర్రల నడక. గోల్ఫ్‌లో శ్రమ తీవ్రత తక్కువే అయినా గంటల తరబడి సాగుతుంది కాబట్టి రక్తంలో చక్కెర, కొవ్వుల మీద దాని ప్రభావం నడకకి తీసిపోలేదు, కాస్త మెరుగ్గానే ఉంది. అంటే నెమ్మదిగా ఎక్కువసేపు తిరగడానికీ ఓ విలువ ఉంది. కానీ గుండెకి, ఊపిరికి సత్తువ పెరగాలంటే కాసేపు ఎడతెగకుండా ఆయాసపడాలి. గోల్ఫ్‌లో ఆయాసం మొదలయ్యేసరికి ఎవరో ఒకరు ఆగమంటారు.

ఇంకోటుంది, దాన్ని మావాళ్ళెవరూ ఒప్పుకోరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమతో ఆగదు, వారానికి కనీసం రెండు రోజులు కండరాల బలం పెంచే వ్యాయామం కూడా చెయ్యాలంటుంది. గోల్ఫ్ ఆ రెండో పని చెయ్యదు. స్వింగ్ అంతా ఒకవైపుకే, అదీ క్షణంలో అయిపోతుంది. ఆ అమ్మాయి నన్ను కుర్చీలోంచి చేతులు వాడకుండా పదిసార్లు లేచి కూర్చోమంది. ఏడోసారికి తొడలు వణికాయి. గోల్ఫ్‌లో నా డ్రైవ్ రెండు వందల గజాలు పోతుందని అప్పటిదాకా ఆమెకి గొప్పగా చెబుతున్నాను.

అలా వారం కొత్తగా తయారైంది. గోల్ఫ్ లేని రోజుల్లో బీచ్ రోడ్డు మీద నడక. పొద్దున్నే అక్కడ బళ్ళు ఆపేస్తారు కాబట్టి కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి ఎక్కడా ఆగక్కర్లేకుండా నడవచ్చు, తెలిసినవాళ్ళు ఎదురైతే తప్ప. మధ్యలో రెండు రోజులు రబ్బరు బ్యాండ్లు, కుర్చీ, మడమలెత్తడం. ఊపిరి బిగబట్టి చెయ్యకూడదు, బీపీ ఎగుస్తుంది. గోల్ఫ్ వారానికి రెండు రోజులు, చార్టులో దాని నడక నిమిషాలు మాత్రమే వేస్తాను. మే నెల ఉక్కలో ఎనిమిది దాటితే ఆట కట్. బీపీ మందులు వేసుకునేవాడికి చెమట పట్టి నీరు తగ్గితే కళ్ళు తిరుగుతాయి.

చలికాలంలో ట్రెడ్‌మిల్ పరీక్ష చేశారు. బ్రూస్ పద్ధతిలో మూడు నిమిషాలకోసారి వేగమూ ఎత్తూ పెరుగుతాయి. మూడో దశ అంటే దాదాపు 10 మెట్‌ల శ్రమ. ఆ దశ సగంలో ఆపమన్నాను. ఈసీజీలో తేడా రాలేదు. నొప్పి రాలేదు. డాక్టరు సంతోషించి, ఇక నీ సంచీ నువ్వే మోసుకోవచ్చన్నారు.

దాంతో కొత్త చిక్కొచ్చింది. సగం కర్రలు తీసేసి సంచీ తేలిక చేసుకుని భుజానికి తగిలించుకుంటే మా క్యాడీ మొహం మాడిపోయింది. "ఏటి బాబూ, సంచీ మీరే మోసీసుకుంటే నానేటి సెయ్యాల?" అన్నాడు. రోజుకి రెండు రౌండ్లు, ఒక్కోసారి రెండు సంచీలు మోసే మనిషి. మాలో గోల్ఫ్ వల్ల నిజంగా వ్యాయామం అయ్యేది అతనొక్కడికే, అది అతని కూలి. డాక్టరు రాసిచ్చినదానికి అతని పొట్ట కొట్టడం నాకు బాగోలేదు. చివరికి ఒప్పందానికొచ్చాం. సంచీ నాది, ముందు నడిచి బంతి వెతకడం అతనిది, కూలి పాతదే. కొన్నాళ్ళు బాగానే నడిచింది. మొన్న సంక్రాంతికి బట్టలు పెడితే తీసుకుని, కూలి కూడా పెంచాలన్నాడు. ఎందుకయ్యా, మోసేది నేనైతే అన్నాను.

"సంచీ మొయ్యడం నయం బాబూ. మీ బంతులెతకనేక నడుం ఇరిగిపోతంది."