నీరు అని వెతికితే నారు రాకూడదు

ఇంటర్నెట్ లేని తరగతి గదికి తెలుగు పాఠాలను మోసుకెళ్ళే ఒక చిన్న కమాండ్ లైన్ ప్రోగ్రామును, అంటే టైపు చేసిన ఆదేశాలతో నడిచే ప్రోగ్రామును, ఈ మధ్య ఏఐ సాయంతో తయారుచేశాను. దానికి సద్ది అని పేరు పెట్టాను. హైదరాబాదు నడిబొడ్డున ఇంటర్నెట్ లేని చోటు ఎక్కడుందని అడిగేవారు ఉంటారు. బోరబండ వైపు నేను సాయంత్రాలు పాఠాలు చెప్పే చోట ఉన్నవి పాత ల్యాప్‌టాప్‌లు, వాటికి నెట్ అందేది ఉపాధ్యాయులు తమ ఫోన్లలో సొంత డబ్బుతో వేయించుకున్న డేటా నుంచే. ఒకే పాఠాన్ని మళ్ళీ మళ్ళీ దించుకోవడానికి ఆ డబ్బు ఖర్చు పెట్టించడం నాకు న్యాయంగా తోచలేదు.

నెట్ లేకుండా వికీపీడియాను చదివించే కివిక్స్ 2007 నుంచి ఉంది, 2003లో మొదలైన తెలుగు వికీపీడియాను కూడా అందులో చదువుకోవచ్చు, మేమూ దాన్ని వాడుతున్నాం. అయితే ఏడో తరగతి పిల్లవాడికి ముందు కావలసింది ఆ వారం పాఠం, దాని కింది ప్రశ్నలు, ఇంటికి తీసుకెళ్ళే అభ్యాస పత్రం. ఉపాధ్యాయులు మామూలు టెక్స్ట్ ఫైళ్ళలో రాసిన పాఠాలను ఒక ఫోల్డర్‌లో ఉంచి, ఆదేశాలు టైపు చేసే కిటికీ అయిన టెర్మినల్‌లో ఇంగ్లీషు అక్షరాలతో ‘సద్ది కట్టు’ అని టైపు చేస్తే ఇవన్నీ బ్రౌజర్‌లో తెరుచుకునే పేజీలుగా ఒక పెన్‌డ్రైవ్‌లోకి చేరతాయి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష తప్ప మరేదీ ఇన్‌స్టాల్ చేయనక్కరలేకుండా, దానితో పాటే వచ్చే లైబ్రరీలతోనే, అంటే సిద్ధంగా ఉన్న కోడుతోనే, సరిపెట్టాలని మొదటే నియమం పెట్టుకున్నాను.

ఆదేశాలను చదవడం, ఫోల్డర్లను గాలించడం వంటి పనులకు కావలసిన కోడును ఏఐ చకచకా రాసిపెట్టింది. పేజీలలోని వెతుకులాటకు మాత్రం మొదట ఒక లోకల్ సర్వర్, అంటే ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉండి పేజీలను అందించే ప్రోగ్రాము, నడపమంది. పెన్‌డ్రైవ్‌లోని ఫైలును నేరుగా తెరిచినప్పుడు, పక్కనున్న డేటా ఫైలును క్రోమ్ వంటి బ్రౌజర్లు భద్రత కోసం చదవనివ్వవు. అందువల్ల ఏ మాట ఏ పాఠంలో ఉందో చెప్పే సూచికను జావాస్క్రిప్ట్ ఫైలుగా మార్చి పేజీలోనే జతచేయించాను. అచ్చు పనిని కూడా బ్రౌజర్‌కే వదిలిపెట్టాను, ఎందుకంటే అక్షరాల కూర్పు తెలియని పీడీఎఫ్ లైబ్రరీలు ఒత్తులను విడదీసి పక్కన పెడతాయి, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ మాత్రం అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ సాయంతో వాటిని సరైన చోట కూర్చుతాయి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది టెర్మినల్‌లోని వెతుకులాట. పైథాన్‌తో వచ్చే ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో, పాఠ్యంలో మాటలను వెతికే ఎఫ్‌టీఎస్5 అనే సదుపాయం ఉంది, ఏఐ దాన్నే ఎంచుకుంది, ఆ ఎంపిక సరైనదే. కోడు సరిగ్గా పనిచేస్తోందా అని చూడడానికి ఏఐ రాసిన పరీక్షలన్నీ నెగ్గాయి, ‘నీరు’ అని వెతికితే నీటి పాఠం వచ్చింది. దాని కిందనే వరినాట్ల పాఠమూ, నోటి శుభ్రత పాఠమూ వచ్చాయి. ఎఫ్‌టీఎస్5 తన సహజ అమరికలో అక్షరాలను, అంకెలను మాత్రమే పదంలో భాగంగా లెక్కిస్తుంది, గుణింతపు గుర్తులను, అన్ని లిపుల అక్షరాలకూ సంకేతాలు కేటాయించే ప్రమాణమైన యూనికోడ్ వేరే వర్గంలో ఉంచింది కనుక అవి దానికి పదాలను విడదీసే ఖాళీల వంటివే. ఆ లెక్కన నీరు, నారు, నోరు, నూరు అన్నీ న, ర అనే రెండు ముక్కలే. ఫలితాల సంఖ్యను మాత్రమే చూసేవారికి ఇందులో లోపమే కనిపించదు, తెలుగు చదవగలిగినవారు ఆ జాబితాను చదివితేనే తెలుస్తుంది. గుణింతపు గుర్తుల వర్గాలను కూడా పదంలో కలుపుకొమ్మని ఒక్క వరుసలో చెప్పవచ్చు, కారణం వివరించిన వెంటనే ఏఐ ఆ వరుసను సరిగ్గానే రాసింది. పాఠ్యంలో ఒక నమూనాకు సరిపోయే భాగాలను వెతికే పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో పదాలను ఏరే సంకేతానికీ ఇదే స్వభావం ఉంది గనుక పదాలను లెక్కించే కోడును కూడా మార్చించాను.

ఆ తరువాత ‘పెన్‌డ్రైవ్’ వంటి మాటల్లో పొల్లును నిలబెట్టడానికి మనం టైపు చేసే కంటికి కనబడని గుర్తు అడ్డుపడింది. దాన్ని ఒకరు టైపు చేస్తారు, మరొకరు చేయరు. సూచికలోనూ, వెతికే మాటలోనూ దాన్ని ముందే తొలగించడంతో ఆ చిక్కు తీరింది. ఇప్పుడు పరీక్షల ఫైలులో ఇటువంటి తెలుగు మాటల జతలను నేనే రాస్తున్నాను, కోడు ఎవరు రాసినా సరే, తెలుగులో ఏది ఏ మాటో తేల్చే పరీక్ష తెలుగువారి చేతిలోనే ఉండాలన్నది నా దృఢమైన అభిప్రాయం.

పాఠాల్లోని ఒక్క వాక్యాన్ని కూడా ఏఐ చేత రాయించలేదు. వెబ్‌సైటులో తప్పు దొర్లితే ఒకచోట దిద్దితే చాలు, పెన్‌డ్రైవ్ నుంచి పెన్‌డ్రైవ్‌కు నకలైపోయిన తప్పును వెనక్కి పిలవలేము, దాన్ని చదివే పిల్లవాడికి సరిచూసుకోవడానికి నెట్ కూడా ఉండదు. అందుకే ప్రతి పేజీ అడుగున పాఠం రాసిన ఉపాధ్యాయుల పేరు, కట్టిన తేదీ వచ్చేలా చేశాను. ఏ నకలు పాతదో దానివల్ల తెలుస్తుంది.

ఇక మిగిలింది అను ఫాంట్లలో టైపు చేసిన పాత ప్రశ్నపత్రాల సంగతి. వాటిలో తెరపై కనిపించేది తెలుగే అయినా లోపల ఉన్నది యూనికోడ్ కాదు, కాబట్టి వాటిని నేరుగా సూచికలో చేర్చడానికి వీల్లేదు. ఏ గుర్తుకు ఏ అక్షరమో చెప్పే పట్టికను ఇద్దరు ఉపాధ్యాయులతో కలిసి ఇప్పుడు తయారుచేస్తున్నాను. అది పూర్తయ్యేదాకా అటువంటి ఫైలు ఎదురైతే సద్ది దాని పేరు చూపించి, చేర్చలేనని తెలుగులో చెప్పి పక్కన పెడుతుంది.