దాపట ఎరుపు, వలపట ఆకుపచ్చ

నీటిపారుదల శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న నాలాంటివాడికి నదికి ఎడమ గట్టు ఏది, కుడి గట్టు ఏది అన్నది ఆలోచించవలసిన ప్రశ్నే కాదు. ప్రవాహం వెళ్లే దిక్కుకు ముఖం పెట్టి నిలబడితే ఎడమచేతి వైపు ఉన్నది ఎడమ గట్టు. ఆ లెక్కన విజయవాడ కృష్ణకు ఎడమ గట్టున, సీతానగరం, ఉండవల్లి కుడి గట్టున ఉన్నాయి. ఈ ధీమాతోనే మొన్న ఆదివారం, మర్చంట్ నేవీలో చేరడానికి చదువుతున్న మా మేనల్లుడి నోట్సులో తప్పు పట్టి, పెన్సిలుతో దిద్దాను.

ఎడమ వైపు ఎర్ర బోయా, కుడి వైపు ఆకుపచ్చ బోయా అని వాడు రాసుకున్నాడు. బోయా అంటే పడవలకు దారి చూపడానికి నీటి మీద తేలుతూ ఉండేలా కట్టిన గుర్తు. పక్కనే గీసిన నది మొగ, అంటే నది సముద్రంలో కలిసే చోటు, బొమ్మలో మాత్రం ఎర్ర బోయాలు కుడి గట్టు వెంట ఉన్నాయి. నేను వాటిని అవతలి గట్టుకు మార్చాను. "మామయ్యా, మీరు సముద్రం వైపు చూస్తూ నిలబడ్డారు, నా పడవ సముద్రంలోంచి లోపలికి వస్తోంది" అన్నాడు వాడు.

బండికి దాపటెద్దు, వలపటెద్దు ఉన్నట్టే పడవకూ తన ఎడమ, కుడి ఉంటాయి. నడిపేవాడు వెనక్కి తిరిగి కూర్చున్నా అవి మారవు. బోయాల సంగతి అలా కాదు. వాటి ఎడమ, కుడి మన పడవ ముక్కును బట్టి గాక, ముందే ఒప్పుకున్న ఒక దిశను బట్టి ఉంటాయి. రేవులోకి, నది మొగలోకి వచ్చేటప్పుడు సముద్రం నుంచి లోపలికి రావడమే ఆ దిశ. బయటి సముద్ర తీరం వెంట అయితే ఖండాన్ని గడియారపు ముల్లు తిరిగే వైపుగా చుట్టడం. అనుమానం వచ్చే చోట నావిక పటంలోనే బాణం గుర్తు వేస్తారు. అందుచేత లోపలికి వస్తూ ఎడమకు ఉంచుకున్న ఎర్ర బోయాను తిరిగి వెళ్లేటప్పుడు కుడికి ఉంచుకోవాలి.

ఏ వైపుకు ఏ రంగు అన్నది కూడా ప్రపంచమంతటా ఒకటే కాదు. 1971లో డోవర్ జలసంధిలో మునిగిన ఒక నౌక శకలాలకు తగిలి, వారాల వ్యవధిలో మరో రెండు నౌకలు మునిగాయి. అప్పటికి లోకంలో 30కి పైగా బోయా పద్ధతులు ఉండేవి. ఆ తర్వాత బేరసారాలు జరిగి, 1980 నాటికి ఎ, బి అని రెండు ప్రాంతాల దగ్గర ఒప్పందం కుదిరింది. మన దేశం ఎ ప్రాంతంలో ఉంది. అమెరికా ఖండాలు, జపాన్, దక్షిణ కొరియా, ఫిలిప్పీన్స్ బి ప్రాంతంలో ఉండగా అక్కడ రంగులు తారుమారవుతాయి. ఆకారాలు మాత్రం రెండు చోట్లా ఒకటే: ఎడమకు డబ్బా, కుడికి శంకువు. ఎదురెండలో రంగు తెలియకపోయినా ఆకారం తెలుస్తుంది కనుక, రంగుల పేచీ తెగనివాళ్లు ఆకారాల దగ్గరైనా రాజీపడటం నాకు నచ్చింది.

నా దృష్టిలో వీటన్నిటికంటే తెలివైనవి దిక్కుల బోయాలు. వీటికి ఎడమ, కుడి అన్న గొడవే లేదు. ఉత్తరపు బోయా ప్రమాదానికి ఉత్తరాన ఉంటుంది, దానికి ఉత్తరంగానే పోవాలి. ఒంటి మీద పసుపు, నలుపు పట్టీలు, నెత్తిన రెండు నల్ల శంకువులు. ఉత్తరానికి రెండు మొనలూ పైకి, దక్షిణానికి రెండూ కిందికి. పడమరకు మొనలు ఒకదానికొకటి ఎదురై అచ్చం ఢమరుకంలా, తూర్పుకు ఎడంగా తిరిగి గాలిపటంలా కనిపిస్తాయి. మొన ఎటు చూపితే నల్ల పట్టీ అక్కడ ఉంటుంది. రాత్రివేళ తెల్లదీపం మెరుపులు లెక్కపెట్టాలి: తూర్పుకు 3, దక్షిణానికి 6, వాటి వెంట ఒక పొడుగు మెరుపు, పడమరకు 9, ఉత్తరానికి ఆగని మెరుపులు. గోడ గడియారంలో అంకెలున్న చోట్లే ఇవన్నీ.

నేను చదివి అప్పజెప్పాక వాడు నాకే పరీక్ష పెట్టాడు: "రాత్రి మొగ దాటి సముద్రంలోకి పోతున్నారు, ఎదురుగా ఎర్రదీపం మెరుస్తోంది. దాన్ని ఏ చేతి వైపు వదులుతారు?" నేను కుర్చీలోంచి లేచి, బందరు వైపు తిరిగి నిలబడి, అప్పుడు చెప్పాను.