నీట్ ఫిజిక్స్‌కి బైపీసీ పిల్లలు నేర్చుకోవాల్సిన లెక్కలు: నా అనుభవం

మెడికల్ సీట్ల ప్రవేశ పరీక్ష నీట్ రాసి ఎక్కువ రోజులు కాలేదు. బరువు దిగింది గానీ ఒక విషయం మీద కోపం ఇంకా అలాగే ఉంది. అది చల్లారకముందే రాసేస్తున్నాను. బయాలజీలో మూడొందలు దాటుతూ, ఫిజిక్స్‌లో మాత్రం నలభై యాభై మార్కుల దగ్గరే ఆగిపోతున్న బైపీసీ పిల్లల కోసం ఇది.

అప్లికేషన్‌లో కష్టమేమీ లేదు. పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉండాలి. ఫొటో తెల్లటి బ్యాక్‌గ్రౌండ్‌తో, చెవులు కనిపించేలా దిగాలి. బీసీలు ఒక్కటి చూసుకోండి: ఓబీసీ ఎన్‌సీఎల్ (నాన్ క్రీమీ లేయర్) కింద పెట్టాలంటే మీ కులం కేంద్ర జాబితాలో ఉండాలి, రాష్ట్ర జాబితాలో ఉంటే చాలదు.

బయాలజీ 90 ప్రశ్నలు, 360 మార్కులు. 11, 12 తరగతుల ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు రెండూ బొమ్మల కింద వాక్యాలతో, పట్టికలతో సహా చదవాలి. చదివిన పేజీకి ఆ రోజే బిట్లు చేయాలి. అంతకు మించిన రహస్యం లేదు. మొక్కల్లో రవాణా, ఖనిజ పోషణ, జీర్ణక్రియ, పర్యావరణ సమస్యలు లాంటి పాఠాలు 2024 నుంచి సిలబస్‌లో లేవు. పాత మెటీరియల్‌లో వాటి మీద ఇంకా వందల బిట్లు ఉంటాయి. ముందు వాటిని కొట్టేయండి.

ఇక ఫిజిక్స్. 45 ప్రశ్నలు, 180 మార్కులు. బైపీసీలో చేరితే లెక్కల బాధ ఉండదని చేర్పించేటప్పుడు అందరూ చెబుతారు. ఫస్టియర్‌లో సరళరేఖాత్మక చలనం పాఠానికే అవకలనం (డిఫరెన్షియేషన్) ఎదురవుతుంది. చాలా కాలేజీల్లో మొదటి వారం ‘బేసిక్ మ్యాథ్స్’ అని బోర్డు మీద కొన్ని ఫార్ములాలు రాసి, బట్టీ పట్టమని వదిలేస్తారు. ఆ తర్వాత రెండేళ్లూ డెరివేషన్లే. నేను చదివిన పద్ధతిలో ఇంటర్ ఫిజిక్స్ పేపర్ 60 మార్కులకి: ఎల్‌ఏక్యూలు, ఎస్‌ఏక్యూలు, వీఎస్‌ఏక్యూలు, అంటే పెద్ద, చిన్న, అతి చిన్న జవాబుల ప్రశ్నలు. ముఖ్యమైన ప్రశ్నలు వల్లె వేసినవాళ్ళకి ఒక్క లెక్క సొంతంగా చేయకపోయినా మంచి మార్కులే వస్తాయి. ఆ మార్కులు చూసుకుని ఫిజిక్స్ వచ్చేసిందనుకునే పిల్లలకి మొదటి గ్రాండ్ టెస్ట్‌లో (మొత్తం సిలబస్ మీద పెట్టే ప్రాక్టీస్ పరీక్షలో) ఏం జరుగుతుందో కాలేజీలకి తెలియదా? తెలుసు. అయినా మ్యాథ్స్ లెక్చరర్‌ని బైపీసీ సెక్షన్‌కి పంపరు. ఫిజిక్స్ కష్టం, మీరు బయాలజీ మీద పెట్టండి అంటారు. ఇది పిల్లలకి చేస్తున్న అన్యాయం. కావలసిన లెక్కలు నిజానికి చాలా కొంచెమే. రోజూ ఒక గంట కూర్చుంటే నెలా నెలన్నరలో పట్టుబడతాయి.

మొదట త్రికోణమితి. 30, 45, 60 డిగ్రీలతో పాటు 37, 53 కూడా నోటికి రావాలి. సైన్ 37 అంటే సుమారు 3/5, కాస్ 37 అంటే సుమారు 4/5. 53కి ఇవే తిరగబడతాయి. వాలుతలం, ప్రక్షేపకాలు, బలాల అంశాలు అన్నీ వీటి మీదే నడుస్తాయి. కోణం చాలా చిన్నదైతే సైన్ విలువ ఆ కోణమే, కానీ కోణం రేడియన్లలో ఉన్నప్పుడే. డిగ్రీలు అలాగే పెట్టి లెక్క పోగొట్టుకునేవాళ్ళు ఎక్కువ.

తర్వాత అవకలనం. మొత్తం అక్కర్లేదు. ఘాతాలు, సైన్, కాస్, ఎక్స్‌పొనెన్షియల్, అంతే. టీ సెకన్ల దగ్గర స్థానం 3టీ² − టీ³ అని ఇస్తే వేగం 6టీ − 3టీ², మొదలయ్యాక అది మళ్ళీ సున్నా అయ్యేది 2 సెకన్ల దగ్గర. ఇంత చేయగలిగితే చలనం, డోలనాలు, విద్యుదయస్కాంత ప్రేరణలో చాలా ప్రశ్నలు దారికొస్తాయి. సమాకలనాన్ని (ఇంటిగ్రేషన్) గ్రాఫ్ కింద వైశాల్యంగా చూడండి. స్ప్రింగ్‌ని సాగదీసిన పని ఎందుకు సగం వస్తుందో త్రిభుజం గీస్తే తెలిసిపోతుంది.

గ్రాఫ్ కనిపించగానే రెండు ప్రశ్నలు వేసుకోవాలి: వాలు ఏం చెబుతోంది, వైశాల్యం ఏం చెబుతోంది. ఫోటో విద్యుత్ ఫలితంలో పౌనఃపున్యానికీ నిరోధక పొటెన్షియల్‌కీ (స్టాపింగ్ పొటెన్షియల్) గీసిన గీత వాలు ఏ లోహానికైనా ఒకటే. మారేది గీత మొదలయ్యే చోటు. నాలుగు ఆప్షన్లలో రెండు దీనితోనే ఎగిరిపోతాయి.

ఉజ్జాయింపు సూత్రాల దగ్గర చాలామంది దెబ్బ తింటారు. ఎత్తుకి వెళితే గురుత్వ త్వరణం 2హెచ్/ఆర్ వంతు (హెచ్ ఎత్తు, ఆర్ భూవ్యాసార్ధం) తగ్గుతుందని కంఠస్థం చేయిస్తారు. 32 కిలోమీటర్ల ఎత్తుకి అది సరిగ్గా పనిచేస్తుంది: భూవ్యాసార్ధం 6400 అనుకుంటే తగ్గుదల ఒక శాతం. అదే ప్రశ్న ఎత్తు భూవ్యాసార్ధమంత అని అడిగితే? ఈ సూత్రం వేస్తే రుణ విలువ వస్తుంది, అది అసంభవం. అసలు జవాబు నాలుగో వంతు. ఎత్తు చాలా తక్కువైనప్పుడే ఈ సూత్రం నిలుస్తుందన్న ముక్క సూత్రం పక్కనే రాసి పెట్టుకోవాలి. ప్రతి ఉజ్జాయింపు సూత్రానికీ ఇలా హద్దు రాసుకోండి.

దోషాల లెక్క తప్పక మార్కులిచ్చే చోటు. ఒక రాశికి లవంలో ఏ² బీ³, హారంలో సీ, దానికి గుణకంగా డీ వర్గమూలం ఉన్నాయనుకోండి. ఏ, బీ, సీ, డీల దోషాలు వరసగా 1, 2, 3, 4 శాతం. పైనున్నవైనా కిందున్నవైనా అన్నీ కూడాలి, తీసివేత లేదు: 2 + 6 + 3 + 2, అంటే 13 శాతం. హారంలో ఉంది కదా అని తీసేస్తే వచ్చే జవాబు కూడా ఆప్షన్లలో కనిపిస్తుంది, జాగ్రత్త.

కాలిక్యులేటర్ లేదు, లాగ్ టేబుల్ లేదు, చిత్తుపని ప్రశ్నపత్రంలోనే చేసుకోవాలి. కాబట్టి చేతి లెక్కకి ఒక పద్ధతి ఉండాలి. పది ఘాతాలు వేరుగా, అంకెలు వేరుగా రాయండి. చివరి మెట్టు దాకా ఏదీ గుణించకండి, భిన్నాలు కొట్టేసుకుంటూ పొండి. పై (π) వర్గం సుమారు 10 అని గుర్తుంటే డోలనాల లెక్కలు సగం అయిపోతాయి. ఫోటాన్ శక్తికి ప్లాంక్ స్థిరాంకం, కాంతివేగం విడివిడిగా పెట్టి గుణించొద్దు. తరంగదైర్ఘ్యం నానోమీటర్లలో ఉంటే 1240ని దానితో భాగించండి, ఎలక్ట్రాన్ వోల్ట్‌లలో జవాబు వస్తుంది. 310 నానోమీటర్లకి 4. పని ప్రమేయం (వర్క్ ఫంక్షన్) 2.5 అయితే నిరోధక పొటెన్షియల్ 1.5 వోల్ట్. పావు నిమిషం పని. లెక్క మొదలుపెట్టే ముందు ఆప్షన్లు చూడండి: పది రెట్ల తేడా ఉంటే ఉజ్జాయింపు చాలు, 2.4, 2.5 అని పక్కపక్కన ఉంటే కచ్చితంగా చేయాలి.

లాగరిథమ్‌లు కెమిస్ట్రీకి ఎక్కువ కావాలి. 2కి 0.301, 3కి 0.477 వస్తే మిగతావి చాలావరకు పుట్టించుకోవచ్చు. హైడ్రోజన్ అయాన్ గాఢత 2 × 10⁻³ అయితే పీహెచ్ 2.7. ప్రథమ క్రమాంక చర్య 99.9 శాతం పూర్తవడానికి పట్టే కాలం అర్ధాయువుకి సుమారు పది రెట్లు. ఇది నేరుగా అడుగుతారు.

ప్రాక్టికల్స్ గురించి కూడా చెప్పాలి. వెర్నియర్ కాలిపర్స్, స్క్రూగేజ్ చేత్తో పట్టుకోకుండానే రికార్డు నింపించే కాలేజీలున్నాయి. 2024 సిలబస్‌లో ప్రయోగ నైపుణ్యాలు విడిగా చేర్చారు. ల్యాబ్ తాళం తీయించి అయినా ఆ పరికరాలు ఒకసారి వాడండి. పది వెర్నియర్ విభాగాలు తొమ్మిది ప్రధాన విభాగాలకి సమానమై, ప్రధాన విభాగం ఒక మిల్లీమీటరైతే కనీసపు కొలత 0.1 మిల్లీమీటర్. సున్నా దోషం ధనాత్మకమైతే రీడింగ్ నుంచి తీసేయాలి, రుణాత్మకమైతే కలపాలి. కాగితం మీద చదివితే ఇది ప్రతిసారీ తికమక పెడుతుంది. పరికరం చేతిలో ఉంటే ఒక్కసారికే అర్థమవుతుంది.

ప్రాక్టీస్ టెస్టుల తర్వాత పోయిన ఫిజిక్స్ మార్కుల్ని మూడు కుప్పలు చేయండి: విషయం తెలియక పోయినవి, సూత్రం గుర్తురాక పోయినవి, లెక్కలో పోయినవి. మూడో కుప్ప పెద్దదైతే ఇంకో మెటీరియల్ కొనక్కర్లేదు, లాంగ్ టర్మ్ కోచింగ్‌లో అదే పాఠం మళ్ళీ వినక్కర్లేదు. చేతి లెక్క మీద కూర్చోండి.

టైమ్ విషయానికొస్తే, 2021 నుంచి 2024 దాకా ఉన్న ఐచ్ఛిక ప్రశ్నలు 2025లో తీసేశారు. 180 ప్రశ్నలు, 180 నిమిషాలు. బయాలజీకి 45, కెమిస్ట్రీకి 50, ఫిజిక్స్‌కి 70, సరిచూసుకోవడానికి 15 నిమిషాలు. బబ్లింగ్ (ఓఎంఆర్ జవాబు పత్రంలో గుండ్రాలు దిద్దడం) చివరికి ఉంచకండి, పేజీ పూర్తవగానే దిద్దేయండి. ఫిజిక్స్ మూడు దఫాలుగా చేయాలి: మొదట థియరీ, నేరుగా సూత్రం పడేవి, తర్వాత ఒక్క మెట్టు లెక్కలు, మిగిలిన టైమ్‌లో పొడుగాటివి. రెండు నిమిషాల్లో తెగని ప్రశ్న దగ్గర ఆగొద్దు. 2025 పేపర్‌లో దేశంలో అత్యధిక మార్కులే 686. అలాంటి పేపర్‌లో అన్నీ చేయాలన్న పంతం పనికిరాదు.

ఊహించి పెట్టడానికీ లెక్క ఉంది. రైటుకి 4, తప్పుకి మైనస్ 1. రెండు ఆప్షన్లు కచ్చితంగా తీసేయగలిగితే సగటున ప్రశ్నకి ఒకటిన్నర మార్కు లాభం, పెట్టండి. ఒక్కటే తీసేయగలిగితే లాభం మూడింట రెండొంతుల మార్కు. ఏదీ తీసేయలేకపోతే పావు మార్కే, దాని కోసం నేనైతే టైమ్ పెట్టను. రెండు బబుల్స్ దిద్దితే తప్పు కిందే లెక్క.

ప్రశ్నపత్రం ఇంటికి తెచ్చుకోనిస్తారు, అందులో మీ జవాబులు గుర్తుపెట్టుకోండి. ప్రాథమిక కీ, ఓఎంఆర్ స్కాన్ వచ్చినప్పుడు రెండూ పోల్చి చూసుకోవచ్చు. అభ్యంతరానికి ప్రశ్నకి 200 రూపాయలు, గడువు కొద్ది రోజులే. ఎన్‌సీఈఆర్‌టీ పేజీ ఆధారం చేతిలో ఉంటేనే కట్టండి.