ప్రమోషన్ వచ్చాక చూద్దాంలే

ప్రమోషన్ వచ్చింది. అది వస్తే హాయిగా ఉందామనుకున్నా కదా, ఆ హాయి వారం కూడా నిలవలేదు. దాని సీట్లో ఇంకో టెన్షన్ వచ్చి కూర్చుంది.

2010లో హార్వర్డ్ మనస్తత్వవేత్తలు ఫోన్ యాప్‌తో 2,000 మందికి పైగా జనాన్ని అడిగి చూశారు. మేలుకుని ఉన్న సమయంలో దాదాపు 47 శాతం మనసు చేసే పనిలో ఉండటం లేదట. ఇష్టంలేని పనుల్లో కూడా, మనసు అక్కడే ఉన్నప్పుడే జనం కాస్త ఎక్కువ సంతోషంగా ఉన్నారట. (గిన్నెలు తోమడం విషయంలో నాకింకా అనుమానమే.)

నిన్న మా పాప కథ చెబుతుంటే ఫోన్ పక్కన పెట్టి మొత్తం విన్నా. తలా తోకా లేదు, నవ్వలేక చచ్చా. "మిగతాది రేపు చెప్తా" అంది. రేపటిదాకా ఎందుకే, ఇప్పుడే చెప్పమన్నా.